గైడు అడగని ప్రశ్న ఎవరడుగుతారు?

గచ్చిబౌలి ఐటీ ఉద్యోగుల ఫోన్లకు ఈ మధ్య ఒక తరహా ప్రకటనలు తెగ వస్తున్నాయి. ఉద్యోగం మానక్కర్లేదు, ఇంట్లోంచే డాక్టరేట్, ఫీజు ఈఎంఐలో కట్టుకోవచ్చు. పేరు ముందు 'డాక్టర్' ఉండాలన్న మోజు మనకు కొత్తా? శుభలేఖ మీద కూడా అచ్చేయించుకుంటాం.

నిబంధనల సంగతి తేలికే. విశ్వవిద్యాలయాలను నియంత్రించే యూజీసీ 2022 నాటి నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో గానీ దూరవిద్యలో గానీ పీహెచ్‌డీ కుదరదు. విదేశీ సంస్థలతో కలిసి ఎడ్‌టెక్ (ఆన్‌లైన్ చదువుల) కంపెనీలు ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ ఆ ఏడాదే హెచ్చరించాయి. ఉద్యోగులు యాజమాన్యం నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని పార్ట్‌టైమ్‌లో చేరొచ్చు.

అయితే గుర్తింపు వేరు, ప్రమాణం వేరు. క్యాంపస్ పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, ప్రతి సెమిస్టర్ సలహా కమిటీ ముందు ప్రెజెంటేషన్ ఉండాలి. ఇదంతా కాగితం మీద. గైడు, అంటే పరిశోధనను పర్యవేక్షించే అధ్యాపకుడి, సంతకం కోసం నెలల తరబడి తిరిగి, చివరికి 'సంతృప్తికరం' అన్న ఒక్క మాటతో బయటపడే స్కాలర్లు నాకు తెలుసు. ప్లేజియరిజం (కాపీ) పట్టే సాఫ్ట్‌వేర్ మాటల పోలికే చూస్తుంది. సర్వే నిజంగా చేశారా, గదిలో కూర్చుని నింపారా అన్నది దానికేం తెలుసు? 2025 జనవరిలో రాజస్థాన్‌లో మూడు ప్రైవేటు వర్సిటీలను అయిదేళ్లపాటు పీహెచ్‌డీ ప్రవేశాలు తీసుకోవద్దని యూజీసీ ఆదేశించింది. వాటికీ భవనాలున్నాయి, గేట్లున్నాయి.

అలాగని ఇంట్లోంచి చేసినా ఒకటేనని అనను. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో చేసే ప్రయోగం వంటగదిలో కాదు. చరిత్రకో, అర్థశాస్త్రానికో ల్యాబ్ అక్కర్లేదు, నిజమే. వారం వారం వీడియో కాల్‌లో అధ్యాయం చదివి నిలదీసే గైడు, ఏడాదికోసారి కనబడే గైడు కంటే నయం కూడా. కానీ ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద టీ తాగుతుంటే పక్క డిపార్ట్‌మెంట్ వాడొకడు 'నీ శాంపిల్ మొత్తం ఒకే ఊరిదా? అయితే తెలంగాణ అని పేరెట్లా పెడ్తవ్?' అంటాడే, ఆ దెబ్బ జూమ్‌లో తగలదు. అక్కడ రమ్మన్నవాళ్లే వస్తారు. అడగమంటేనే అడుగుతారు.

ఆ మధ్య ఒక కుర్రాడు బ్రోషర్ పట్టుకుని సలహాకొచ్చాడు. గైడెవరు, ఆయన కింద ఇప్పటికే ఎంతమంది ఉన్నారు (ప్రొఫెసర్‌కు ఎనిమిది మందే పరిమితి), ఆయన స్కాలర్ల థీసిస్‌లు శోధ్‌గంగలో (దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) దొరుకుతాయా అని అడిగాను. ఇద్దరం కలిసి వెతికాం. పన్నెండు పేజీల్లో ఫీజు నాలుగుచోట్ల ఉంది. గైడు పేరు ఎక్కడా లేదు.