సవరణ: విద్యుత్ కారు సామర్థ్యం లెక్క ఎక్కడ మొదలవుతుంది?

బ్యాటరీలోని శక్తిలో 80 నుంచి 90 శాతం చక్రాలకు చేరుతుందని, పెట్రోలు కారులో చేరేది 20 నుంచి 30 శాతమేనని ఇదివరకటి వ్యాసంలో రాశాను. ఆ అంకెలు బండిలోకి చేరిన శక్తికి మాత్రమే వర్తిస్తాయి. విద్యుత్తు తయారయ్యే చోట పోయే వేడి వాటిలో లేదు కనుక ఈ వివరణ అవసరమైంది.

నెల్లూరు జిల్లా నేలటూరులోని దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం వంటి సూపర్‌క్రిటికల్ (చాలా ఎక్కువ పీడనం, వేడి ఉన్న ఆవిరితో నడిచే) కేంద్రాలలో సైతం బొగ్గులోని శక్తిలో సుమారు 40 శాతమే విద్యుత్తుగా మారుతుంది. వంద పాళ్లలో 38 పాళ్లు కేంద్రం దాటి బయటికి వచ్చాయనుకుంటే, తీగలలోను, ఛార్జింగులోను, మోటారులోను పోయేది పోగా చక్రానికి అందేది ఇంచుమించు 27 పాళ్లు. పెట్రోలుకు కూడా ముడిచమురు శుద్ధిలోను, రవాణాలోను ఖర్చయ్యే శక్తిని కలిపి చూస్తే 20 పాళ్ల దరిదాపుల్లోనే మిగులుతుంది. అందువల్ల మూడు నాలుగు రెట్లుగా కనిపించిన తేడా బొగ్గు విద్యుత్తుతో బాగా తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. "బొగ్గు కరెంటుతో నడిచే కారు వల్ల లాభమేమిటి" అని మన ప్రాంతంలో వినిపించే మాట సగమే నిజమని నా గట్టి అభిప్రాయం.

ఇంటి మీది సౌర ఫలకాలతో ఛార్జి చేసుకునేవారికి పాత అంకెలే సరిపోతాయి. ఒంగోలు నుంచి నెల్లూరుకు ఉన్న సుమారు 120 కిలోమీటర్లకు చిన్న విద్యుత్ కారుకు 18 యూనిట్లు చాలు. అదే దూరానికి పెట్రోలు కారు తాగే ఏడు లీటర్లలో 60 యూనిట్లకు పైగా శక్తి ఉంటుంది.

హైడ్రోజన్ కారును విద్యుత్ కారుతో సమానంగా భావించరాదు. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తయారుచేయడానికి వాడిన విద్యుత్తులో దాదాపు మూడోవంతే చివరకు చక్రానికి చేరుతుంది.