ఆలోచన తప్పు కాదు, అమరిక తప్పు
ఒకే నౌకను మళ్లీ మళ్లీ వాడాలన్న ఆలోచనే నాసా వ్యోమనౌక స్పేస్ షటిల్‌ను ముంచిందని, ఖర్చూ తడిసి మోపెడైందని నేను చదివిన ఓ వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను. షటిల్ నౌకల్లో డిస్కవరీ ఒక్కటే 39 సార్లు వెళ్లొచ్చింది కదా! దెబ్బ కొట్టింది అమరిక. ఆర్బిటర్‌ని, అంటే వ్యోమగాములుండే రెక్కల నౌకని, పెద్ద ఇంధన ట్యాంకు పక్కన వేలాడదీశారు, పైనుంచి ఏది ఊడినా దాని మీదే పడేలా. 2003లో కొలంబియా అనే షటిల్‌కి జరిగింది అదే: ప్రయోగ సమయంలో ట్యాంకు నుంచి ఊడిన నురగ ముక్క ఎడమ రెక్క అంచును చీల్చింది, తిరిగొచ్చేటప్పుడు ఆ కంతలోంచి వేడి లోపలికి దూరింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. అదే స్పేస్‌ఎక్స్ వాళ్ల క్రూ డ్రాగన్ క్యాప్స్యూల్ అయితే రాకెట్ నెత్తిన కూర్చుంటుంది. ఉష్ణ కవచం తిరుగు ప్రయాణం దాకా ట్రంక్ (క్యాప్స్యూల్ కింద తగిలించే భాగం) చాటునే ఉంటుంది, రాకెట్ మొరాయిస్తే క్యాప్స్యూల్‌ని లాక్కుపోయే ఇంజిన్లూ ఉన్నాయి. షటిల్‌లో ఆ దారే లేదు. పైగా ఇదీ మళ్లీ మళ్లీ వాడేదే: 2020లో ఇద్దరిని మోసుకెళ్లిన ఎండెవర్ అనే డ్రాగన్ క్యాప్స్యూలే 2021లో నలుగురితో మళ్లీ ఎగిరింది. ఖర్చు విషయంలో మాత్రం వ్యాసకర్తదే నిజం. షటిల్‌తో వారానికో ప్రయోగం అని ఊరించి, బాగా నడిచిన 1985లో కూడా ఏడాదికి 9 దాటలేదు. ఆర్బిటర్‌ని వేడి నుంచి కాపాడేందుకు 20 వేలకు పైగా పలకలు, దాదాపు ఒక్కోటీ ఒక్కో ఆకారం. దిగిన ప్రతిసారీ వాటిని మనుషులే చూసుకోవాల్సి వచ్చేది మరి!