ఏది కదలకూడదో ముందు రాయండి

గేమ్ స్టూడియోల్లో ఏఐ వీడియో కోసం రాసే ప్రాంప్టులు, అంటే వీడియో తయారుచేసే ఏఐ మోడల్‌కి మాటల్లో ఇచ్చే సూచనలు, చాలావరకు విశేషణాల దండలే. ‘అద్భుతం, సినిమాటిక్, 4కే, భీకర పోరాటం’ అని రాస్తే మోడల్‌కి పనేమీ చెప్పినట్టు కాదు. యోధుడు ఏ పక్క నుంచి వస్తున్నాడు, కత్తి ఏ చేతిలో ఉంది, కెమెరా ఎంత దూరంలో ఉంది? ఇవి మనం రాయకపోతే అది తనకు తోచింది పెట్టేస్తుంది.

నన్నడిగితే అసలు చిక్కంతా కెమెరాతోనే. ఏమీ చెప్పకపోతే చాలాసార్లు అది నెమ్మదిగా ముందుకు జరుగుతుంది, లేదా పక్కకు తిరుగుతుంది. ట్రైలర్‌కి అది అందమే. కానీ 2డీ పాత్ర నడకను ఫ్రేములుగా విడదీసి స్ప్రైట్లు (ఆటలో వాడే చిన్న 2డీ బొమ్మలు) చేసుకుందామనుకుంటే ఆ కాస్త జరుగుడే కొంప ముంచుతుంది. అక్కడ ‘కెమెరా కదలదు, పాత్ర ఉన్నచోటే నడుస్తుంది, పక్క నుంచి కనిపిస్తుంది, వెనక ఒకటే రంగు, నీడ వద్దు’ అని పొడిపొడిగా రాయాలి. ఏం కదలాలో అందరూ రాస్తారు. ఏం కదలకూడదో రాసేవాళ్లే తక్కువ.

నిడివి సంగతీ అంతే. గూగుల్ 2025 మేలో తెచ్చిన వీడియో మోడల్ వియో 3లో, వచ్చినప్పుడు ఒక్కో క్లిప్పు 8 సెకన్లే. అంతలోనే తలుపు తన్ని, శత్రువును చూసి, గోడ దూకమంటే మూడూ చెడతాయి. ఒక షాటుకి ఒక పని, ఒక కెమెరా కదలిక చాలు.

హీరో ముఖాన్ని ఎన్ని మాటల్లో వర్ణించినా మరుసటి క్లిప్పులో ఇంకెవరో ప్రత్యక్షమవుతారు. కాన్సెప్ట్ ఆర్ట్‌నే, అంటే పాత్ర ఎలా ఉండాలో ముందే గీసుకున్న బొమ్మనే, మొదటి ఫ్రేముగా ఇచ్చి, ప్రాంప్టులో కదలిక మాత్రం రాయడం మేలు. గేమ్ మెనూ వెనక ఆగకుండా మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉండే వీడియోకైతే, టూల్‌లో వీలుంటే, మొదటి ఫ్రేముగా ఇచ్చిన బొమ్మనే చివరి ఫ్రేముగానూ ఇవ్వాలి. మధ్యలో మంట ఊగడం, మంచు కురవడం లాంటివే అడగాలి. గుర్రం పరుగెత్తి వెళ్లిపోతే మళ్లీ మొదటికి ఎలా వస్తుంది?

ఇంత చేసినా చేతికొచ్చేది పిక్సెల్సే. అందులో మెష్ (పాత్ర 3డీ ఆకారం) ఉండదు, రిగ్ (దాన్ని కదిలించే ఎముకల గూడు) ఉండదు, ఆటగాడు బటన్ నొక్కితే పలికేదేమీ ఉండదు. అందుకే కట్‌సీన్ (ఆట మధ్యలో వచ్చే కథా దృశ్యం) ఎలా ఉంటుందో టీమ్‌కి ముందే చూపించడానికి దీన్ని వాడటమే నాకు ఎక్కువ నచ్చుతుంది. ఆ క్లిప్పునే ఆటలో పెడితే లెక్క వేరు. గేముల్లో ఏఐతో చేసిన కంటెంట్ వివరాలు డెవలపర్లు ఒక ఫారంలో చెప్పాలని పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ 2024 జనవరి నుంచి అడుగుతోంది. ఏ క్లిప్పు ఏ ప్రాంప్టుతో వచ్చిందో ఫైలు పక్కనే రాసిపెట్టుకున్నవాళ్లకు ఆ ఫారం నింపేటప్పుడు టెన్షన్ ఉండదు.