మూడు నెలలకి మెయిల్

(రాత్రి పదకొండు దాటింది. ఆయన మంచమెక్కి ఫోన్‌లో తల దూర్చారు. ఆమె దుప్పటి దులుపుతోంది, అవసరానికి మించిన చప్పుడుతో.)

భర్త: ఏమేవ్, నీ ఫోన్ నంబరు చెప్పు.

భార్య: నా నంబరు మీకు నోటికి రాదా?

భర్త: ఫోన్‌లో ఉన్నదాన్ని మళ్ళీ బట్టీ పట్టడమెందుకు? నా గూగుల్ అకౌంట్‌కి నిన్ను వారసురాలిని చేస్తున్నానే. నేను పోతే నీకు మెయిల్ వస్తుంది.

భార్య: శుభమా అని పడుకోబోతుంటే ఏం మాటలండీ అవి! అయినా మీరు పోయినట్టు దానికెలా తెలుస్తుంది?

భర్త: మూడు నెలలు అకౌంట్ వాడకపోతే పోయినట్టే లెక్క. కావాలంటే గడువు 18 నెలల దాకా పెంచుకోవచ్చు.

భార్య: పక్కనే పడుకునేదాన్ని, నాకు మూడు నెలలకి కబురా? అసలు మీరు అన్నాళ్ళు ఫోన్ ముట్టకపోతే నేను పోయారనుకోను, బాగుపడ్డారనుకుంటాను.

భర్త: నీకన్నీ వేళాకోళాలే. చావు గురించి ఇంత లోతుగా ఆలోచించే మొగుడు దొరకడం నీ అదృష్టం.

భార్య: ఆలోచించారా, సెట్టింగ్స్‌లో నొక్కారా? ఆ ఫోన్ పక్కన పడేసి ఓ పావుగంట ఊరికే కూర్చోండి చూద్దాం.

భర్త: అదంత సులువు కాదు. 2014లో అమెరికాలో ఓ పరిశోధన బయటికొచ్చింది. మనుషుల్ని ఒంటరిగా గదిలో పావుగంట కూర్చోబెట్టి, చేతికందేలా కరెంట్ షాక్ బటన్ పెట్టారు. 18 మంది మగాళ్ళలో 12 మంది ఉండబట్టలేక నొక్కుకున్నారు!

భార్య: ఆడవాళ్ళో?

భర్త: (గొంతు తగ్గించి) 24 మందిలో ఆరుగురు.

భార్య: మిగతావాళ్ళు, పని చెప్పేవాడు లేని పావుగంట దొరికిందని కునుకు తీసుంటారు. ఊఁ, కూర్చోండి.

భర్త: ఆగు, టైమర్ పెట్టుకోనీ.

(ఆమె ఫోన్ లాగేసుకుంది. ఆయన గోళ్ళు చూసుకున్నారు, పైకప్పు చూశారు, మళ్ళీ గోళ్ళే. పాపం, అక్కడ చూడ్డానికి మాత్రం ఏముంది?)

భర్త: ఏమే... మనిద్దరిలో ముందు ఎవరు పోతాం?

భార్య: ...ఇందుకా మీరు ఫోన్ వదలనిది?

భర్త: ఇటివ్వు. ఆ మెయిల్‌తో పాటు నీకో మాట రాసిపెట్టొచ్చట.

భార్య: ఎదురుగానే ఉన్నాగా, చెప్పండి.

భర్త: నోటితో చెబితే మధ్యలో అడ్డొస్తావు.

భార్య: రాను. ఒట్టు.

భర్త: నిజం చెప్పాలంటే... నువ్వు లేకపోతే నేను...

భార్య: ముందు ఆ కాలు తీయండి, దుప్పటంతా మీ కిందే ఉంది.

భర్త: చూశావా! అందుకే రాస్తానన్నది!