కుక్క కోసం వేసిన బ్రేకు, పడిపోయిన ప్రయాణికుడు

దిగాల్సిన స్టాపు దగ్గర పడుతోందని ఒకరు సీట్లోంచి లేచారు. ఇంతలో ఒక కుక్క రోడ్డు మీదికి దూకింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. కుక్క బతికింది. లేచి నిలబడ్డ మనిషి మాత్రం ముందుకు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

దాదాపు ఇలాంటి కేసే లివర్‌పూల్ నగర బస్సు మీద 1950లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టుకు వచ్చింది. డ్రైవరు ఆ క్షణంలో మామూలు మనిషి ఎవరైనా చేసే పనే చేశాడని, అందులో నిర్లక్ష్యం లేదని కోర్టు తేల్చింది. ప్రయాణికురాలైనా ప్రయాణికుడైనా అక్కడ చేతికొచ్చేది ఏమీ లేదు. అదే మనిషి ఫ్రాన్సులో పడి ఉంటే కథ వేరు. 1985 జులై 5 నాటి చట్టం ప్రకారం అక్కడ డ్రైవరు తప్పు చేశాడా లేదా అన్న ప్రశ్నే రాదు. ప్రమాదంలో ఒక మోటారు వాహనం పాత్ర ఉంటే చాలు, అందులోని ప్రయాణికుడి గాయానికి బీమా కంపెనీ డబ్బు చెల్లించాలి. ప్రమాదానికి ఏకైక కారణం బాధితుడి క్షమించరాని తప్పే అయినప్పుడు అది తప్పించుకోగలదు. పదహారేళ్ల లోపు వారి విషయంలో, డెబ్బై దాటిన వారి విషయంలో ఆ సాకు కూడా పనికిరాదు. కాలిఫోర్నియా ఈ రెంటికీ మధ్యలో నిలబడింది. డబ్బు తీసుకుని జనాన్ని తీసుకెళ్లేవారు 'అత్యంత జాగ్రత్త' చూపాలని అక్కడి సివిల్ కోడ్ అంటుంది. అంటే డ్రైవరు నిర్లక్ష్యాన్ని నిరూపించక తప్పదు గానీ, చిన్న పొరపాటు దొరికినా సరిపోతుంది.

విరిగింది ఒకే ఎముక, జవాబులు మాత్రం మూడు. 'బస్సు ప్రమాదంలో గాయపడితే కేసు వేయవచ్చా' అని అడిగేవారికి అందుకే ఒక్క మాటలో బదులు చెప్పలేం. తప్పు నిరూపించాల్సిన దారా, అక్కర్లేని దారా అన్నది ముందు తెలియాలి. తక్కినవన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

నా మటుకు నాకు ఫ్రాన్సు పద్ధతే సబబుగా తోస్తుంది. బస్సులో కూర్చున్న మనిషి చేతిలో స్టీరింగు లేదు, బ్రేకు లేదు, వేగం లేదు. ఎదుటి లారీ తప్పా, మన డ్రైవరు తప్పా, రోడ్డు వేసిన కాంట్రాక్టరు తప్పా, టైరు తయారు చేసిన కంపెనీ తప్పా అని అతడిని తేల్చుకు రమ్మనడం అన్యాయం. ముందు అతడి వైద్యం కానివ్వాలి. ఎవరి వాటా ఎంతో వాళ్లూ వాళ్లూ తర్వాత తేల్చుకుంటారు. న్యూజిలాండ్ 1974లోనే ఇంకా ముందుకెళ్లింది. ప్రమాదంలో గాయపడిన వారికి ప్రభుత్వ పథకమే చికిత్స ఖర్చు, సంపాదనలో 80 శాతం దాకా వారంవారం చెల్లిస్తుంది. బదులుగా గాయానికి నష్టపరిహారం కోరుతూ దావా వేసే హక్కును తీసేసింది. కోర్టు గడప తొక్కే పని తప్పింది గానీ, బతుకంతా తలకిందులైన వారికి పెద్ద మొత్తం అడిగే దారి కూడా మూసుకుపోయింది. ఆ బేరం అందరికీ నచ్చదు.

భారత చట్టం తప్పు నిరూపించాల్సిన దారినీ అక్కర్లేని దారినీ పక్కపక్కనే పెట్టింది. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద ఎవరి తప్పో చూపించనక్కర్లేదు. మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షల రూపాయలు. 166వ సెక్షన్ కింద ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌కు వెళితే నిర్లక్ష్యం నిరూపించాలి, కానీ పరిహారానికి గరిష్ఠ పరిమితి లేదు. మొదటి దారిలో డబ్బు తీసుకుంటే రెండో దారిలో వేసిన పిటిషన్ రద్దవుతుందని 166లోనే ఒక షరతు ఉంది. దాన్ని చాలామంది చదవరు. ఆస్పత్రి మంచం దగ్గరికి కాగితాలు వచ్చే వేళకు కుటుంబం అప్పుల్లో ఉంటుంది, రెండున్నర లక్షలు కొండంత అండలా కనిపిస్తాయి. వెన్నెముక దెబ్బతిన్న పాతికేళ్ల వాడికి అది ఏ మూలకూ చాలదు. తీవ్ర గాయానికి ఇచ్చే ఈ మొత్తం నష్టపరిహారం కాదు, అడ్వాన్సు లాంటిదని నా ఉద్దేశం. చట్టం మాత్రం దాన్ని తుది చెల్లింపుగానే చూస్తోంది.

రెండు వాహనాలు ఢీకొన్నప్పుడు భారతదేశంలో ప్రయాణికుడికి ఒక వెసులుబాటు ఉంది. ఇద్దరు డ్రైవర్ల ఉమ్మడి నిర్లక్ష్యంతో గాయపడిన వ్యక్తి మొత్తం పరిహారాన్ని వారిలో ఎవరి నుంచైనా రాబట్టుకోవచ్చని సుప్రీంకోర్టు 2015లో చెప్పింది. అయినా అనుభవమున్న లాయర్లు ఇద్దరు యజమానులనూ ఇద్దరి బీమా కంపెనీలనూ ప్రతివాదులుగా చేర్చే వేస్తారు, ఒకరి పాలసీ గడువు తీరిపోయి ఉంటే రెండోవారు దొరుకుతారని. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు సగమే. వైద్య ఖర్చు, పోయిన జీతం ఎవరి నుంచైనా మొత్తంగా రాబట్టవచ్చు. నొప్పికి, బాధకు ఇచ్చేది మాత్రం ఎవరి తప్పు ఎంతో అంతే.

బస్సు ప్రమాదానికీ కారు ప్రమాదానికీ అసలు తేడా ఇక్కడే ఉంది: ఒకే బీమా సొమ్ముకు యాభై మంది హక్కుదార్లు. అమెరికాలో రాష్ట్రాల మధ్య తిరిగే పెద్ద కిరాయి బస్సుకు కనీస బీమా ఒక ప్రమాదానికి 50 లక్షల డాలర్లు. వినడానికి పెద్ద అంకే. యాభై మందికి పంచితే తలకు లక్ష. అక్కడ ఒక్క పెద్ద ఆపరేషనుకు, ఐసీయూలో కొన్ని వారాలకు అది ఆవిరైపోతుంది. జర్మనీ చట్టం ఈ లెక్కను ముందే చూసింది. కిరాయికి ప్రయాణికులను తీసుకెళ్లే వాహనంలో చనిపోయినవారు, గాయపడినవారు ఎనిమిది మంది దాటితే ఆపై ఒక్కొక్కరికి యజమాని బాధ్యత పరిమితి 6 లక్షల యూరోలు పెరుగుతుంది. యూరోపియన్ యూనియన్ 2011 నాటి నిబంధన మరోలా పని చేస్తుంది. సభ్యదేశాలు దూరప్రయాణ బస్సుల పరిహారానికి ఏ పరిమితి పెట్టుకున్నా అది ఒక్కో ప్రయాణికుడికి 2,20,000 యూరోలకు తగ్గకూడదు. భారతదేశంలో కిక్కిరిసిన బస్సు బోల్తా పడితే బీమా కంపెనీ బాధ్యత పర్మిట్‌లో ఉన్న సీట్ల సంఖ్య వరకేనని 2007లో సుప్రీంకోర్టు తీర్పు. ఆ లెక్కకు వచ్చే సొమ్మును అందరికీ దామాషాలో పంచి, మిగిలింది యజమాని దగ్గర వసూలు చేసుకోవాలి. ఒకే బస్సు ఉన్న యజమాని దగ్గర, అదీ నుజ్జయిపోయాక, ఏం వసూలవుతుంది?

ఇక కేసు వేసే గడువు. ఇంగ్లండ్‌లో మూడేళ్లు, పిల్లలకైతే పద్దెనిమిది నిండాక మూడేళ్లు. న్యూయార్క్‌లో ప్రైవేటు బస్సు మీద మూడేళ్లు ఉంది కదా అని నిశ్చింతగా కూర్చున్నవారు, ఎక్కింది నగర సంస్థ బస్సు అయితే దెబ్బతింటారు. అక్కడ 90 రోజుల్లోపు లిఖితపూర్వక నోటీసు అందాలి. కాలిఫోర్నియాలో ప్రైవేటుకు రెండేళ్లు, ప్రభుత్వ సంస్థకు ఆరు నెలల్లో క్లెయిమ్. ప్రభుత్వ బస్సుకు తక్కువ గడువు ఎందుకో నాకెప్పటికీ అర్థం కాదు. ఎవరి మీద వేయాలో గాయపడినవాడు వెతుక్కోవడానికే నెలలు పడుతుంది. ఏ రంగు బస్సు ఎవరిదో, నడిపేది కార్పొరేషనా, దాని కాంట్రాక్టరా అన్నది బయటివారికి తెలియదు. భారతదేశంలో ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయడానికి ఉన్న ఆరు నెలల గడువును 1994లో తీసేశారు, 2019 సవరణతో మళ్లీ తెచ్చారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. దాని చెల్లుబాటుపై సవాళ్లు పెండింగులో ఉండగా, గడువు దాటిందన్న ఒక్క కారణంతో పిటిషన్లు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. మధ్యంతరం మధ్యంతరమే. దాన్ని నమ్ముకుని తాత్సారం చేయడం తెలివైన పని కాదు.

గడువు తరుముతోందని తొందరపడి రాజీ పత్రం మీద సంతకం పెట్టడం మరో పొరపాటు. కేసు వేయడం త్వరగా జరగాలి, తేల్చుకోవడం మాత్రం గాయం ఒక స్థితికి వచ్చాకే జరగాలి. ఈ రెండూ వేర్వేరు పనులని బీమా ప్రతినిధులు చెప్పరు. ఫ్రాన్సులో రాజీ కుదిరిన 15 రోజుల్లోపు బాధితుడు మనసు మార్చుకోవచ్చు. ఇంగ్లండ్‌లో మెడ బెణుకు కేసులను వైద్య నివేదిక లేకుండా రాజీ చేయడాన్నే 2021 నుంచి నిషేధించారు. చాలాచోట్ల ఇలాంటి రక్షణ లేదు. ఒకసారి సంతకం పడితే, ఏడాది తర్వాత తుంటికి రెండో ఆపరేషన్ కావలసి వచ్చినా ఆ ఖర్చు సొంతమే.

వైకల్యం శాతం దగ్గర కూడా మోసపోయే వీలుంది. డాక్టరు రాసే శాతం శరీరానిది, పరిహారం లెక్కకట్టాల్సింది సంపాదన మీద. భారత సుప్రీంకోర్టు దీనికి చక్కని ఉదాహరణ ఇచ్చింది. ఎడమ చేయి పోతే వడ్రంగికో డ్రైవరుకో సంపాదన దాదాపు నూటికి నూరు శాతం పోయినట్టే, ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. కాబట్టి వైద్య ధ్రువపత్రంతో పాటు చేసే పని ఏమిటో, ఆ పనికి ఏ అవయవం కావాలో చూపే కాగితాలు కూడా అంతే ముఖ్యం. కూలి పని చేసేవారికి జీతం చీటీలు ఉండవు. మేస్త్రీ వచ్చి సాక్ష్యం చెప్పాలి.

బ్రేకు కేసులో అయితే డాక్టరు కాగితం కంటే ముందు కావలసింది వీడియో. రెండో వాహనం లేదు, ఢీకొన్న గుర్తు లేదు, తోటి ప్రయాణికులు తర్వాతి స్టాపుల్లో దిగిపోయారు. బస్సులోని కెమెరా రికార్డు కొన్ని రోజులకో వారాలకో దాని మీదే మళ్లీ రికార్డయి చెరిగిపోతుంది. బస్సు నంబరు, తేదీ, సమయం రాసి, ఆ ఫుటేజీని భద్రపరచమని సంస్థకు ఒక ఉత్తరం పంపి, అందినట్టు రసీదు తీసుకోవాలి. లాయరు అక్కర్లేదు, ఫీజు లేదు. ఆస్పత్రి మంచం మీద ఉన్నవారు ఇది రాయలేరు, వారి తరఫున ఇంట్లోవారు మొదటి వారంలోనే రాయాలి. ఉత్తరం అందాక కూడా రికార్డు మాయమైతే ఆ సంస్థ కోర్టులో జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.