అడక్కూడని ప్రశ్నలు అడిగే సాఫ్ట్‌వేర్

ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసువాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ నేర్పించమంటే వెళ్లాను. ఊరు హైదరాబాదే. ఏ ఆఫీసో మాత్రం చెప్పను. చెప్పకపోయినా చాలామంది తమ గురించే అనుకుంటారని తెలుసు. ఆరు నెలల అనుభవం మీద తేల్చిందేమిటంటే, తప్పు ఆఫీసుది కాదు. సాఫ్ట్‌వేర్‌దే. దానికి మర్యాద తెలియదు.

కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే పాత సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌కు తెలుసు. 1982లో వచ్చింది, ఇన్నేళ్లలో ఎవర్నీ ఇబ్బంది పెట్టే మాట అడగలేదు. రెండు గీతలు గీసి గోడ అనుకుంటాం. అది మాత్రం రెండు గీతలే అనుకుంటుంది. ఎవరి నమ్మకం వాళ్లది. నేను నేర్పించబోయిన రెవిట్, 2000లో వచ్చింది, అలా కాదు. గీతలు కాదు, కంప్యూటర్‌లోనే ఇంటి మోడల్ కట్టిస్తుంది. గోడ మొదలుపెట్టగానే పెళ్లిచూపులకొచ్చిన మేనత్తలా ఆరా తీస్తుంది. మందం ఎంత, తొమ్మిది అంగుళాలా, నాలుగున్నరా? ఇటుకా, బ్లాకా? ప్లాస్టరింగ్ లోపలెంత, బయటెంత? పైన స్లాబు దాకానా, బీము దాకానా? అవన్నీ ఇప్పుడే ఎలా తెలుస్తాయండీ! మన వృత్తి నిలబడిందే 'అది సైట్‌లో చూసుకుందాం' అనే మాట మీద. ఆ బటన్ ఎక్కడుందని పెద్ద సారు మొదటిరోజే అడిగారు. అందరం కలిసి స్క్రీనంతా వెతికాం. లేదు.

తలుపు పెట్టబోతే ఫ్యామిలీ లోడ్ చేయమంది, అంటే ఆ రకం తలుపుల నమూనా ఫైలు. ఇరవై రెండేళ్లుగా ఆటోక్యాడ్ మీదే ఉన్న సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్ గారు కళ్లజోడు తీసి, "తలుపుకి కూడా ఫ్యామిలీ ఉండాలా సార్?" అన్నారు. ఉండాలన్నాను. గోడ చెరిపేస్తే దాంతోపాటు తలుపూ పోతుందని కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

ఇక కిటికీ సంగతి. ప్లాన్‌లో కిటికీ జరిపితే ఇంటిని నిలువుగా కోసి చూపే సెక్షన్‌లో, బయటి ముఖం చూపే ఎలివేషన్‌లో, కిటికీల పట్టికలో కూడా దానంతటదే మారిపోతుంది. అమ్మేవాళ్లు దీన్నే గొప్పగా చెబుతారు. ఇందులో మేస్త్రీకి జరిగిన అన్యాయం ఎవరికీ పట్టలేదు. ఇన్నాళ్లూ ప్లాన్‌లో కిటికీ నాలుగడుగులుండేది, ఎలివేషన్‌లో ఐదు. ఏది బాగుందో మేస్త్రీ ఎంచుకునేవాడు. ఏది కట్టినా డ్రాయింగ్ ప్రకారమే కట్టినట్టు. ఓనరు గొడవకొస్తే రెండో షీటు తీసేవాళ్లం. ఇప్పుడు ఏ షీటు తీసినా అదే కిటికీ. తప్పయితే అన్నిటా అదే తప్పు. మనిషి ఎక్కడ దాక్కోవాలి?

బాత్రూమ్ పైపు బీములోంచి పోతుంటే మోడల్‌లో ముందే బయటపడుతుందట. ఎందుకంత తొందర? మామూలుగా స్లాబు పోశాక ప్లంబర్ కనిపెడతాడు, సుత్తితో తేలుస్తాడు. అప్పుడు తప్పు ప్లంబర్‌ది.

బ్రిటన్‌లో కేంద్ర ప్రభుత్వం కట్టించే పనులకు 2016 నుంచి ఇలా మోడల్ చేసే పద్ధతి (బిమ్ అంటారు) తప్పనిసరి చేశారు. వాళ్లకేం, వాస్తు సిద్ధాంతులతో పని లేదు. రెవిట్‌లో ఉత్తరాలు రెండు: కాగితం మీద సౌకర్యానికి ప్రాజెక్ట్ నార్త్, నేల మీది నిజానికి ట్రూ నార్త్. ఉన్న ఒక్క ఉత్తరంతోనే మా సిద్ధాంతిగారు వంటిల్లు మూడుసార్లు మార్పించారు. రెండోది కూడా ఉందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? ఆయనొచ్చే రోజు మోడల్ తెరవకూడదని ఆఫీసులో తీర్మానం చేశాం.

మధ్యలో ఒక కుర్రాడు ఉత్సాహం కొద్దీ ఫైలు ఇంటికి తీసుకెళ్లి కొత్త వెర్షన్‌లో సేవ్ చేశాడు. అలా పైకెక్కిన ఫైలు మళ్లీ పాత వెర్షన్‌కు దిగిరాదు. మర్నాడు ఆఫీసంతా తెరుచుకోని ఫైలు చుట్టూ పలకరింపుకొచ్చినవాళ్లలా నిలబడ్డాం.

ఇంత చేశాక, ఇల్లు కట్టే అనుమతి కోసం ప్రభుత్వ పోర్టల్‌లో ఎక్కించాల్సింది ఏమిటి? చెప్పిన పేర్లతో లేయర్లు పెట్టిన క్యాడ్ డ్రాయింగు! ప్లాస్టరింగ్ మందం దాకా తెలిసిన గోడను విప్పి మళ్లీ రెండు గీతలు చేయాలి. ఆ పని ఎవరికి వచ్చో అందరికీ తెలుసు. డ్రాఫ్ట్స్‌మన్ గారు ఏమీ అనలేదు. ముందు టీ తెప్పించుకున్నారు.

ఇప్పుడు ఆఫీసులో శాంతి నెలకొంది. ఆయన ఆటోక్యాడ్‌లో గీస్తారు. కుర్రాళ్లు దాన్ని రెవిట్‌లోకి తెచ్చి పైన దిద్దుతారు. క్లయింటు వస్తే పెద్ద టీవీలో ఇంటిని గిరగిరా తిప్పుతాం.

మొన్న అలా తిప్పుతూ గోడ ఒకటి జరపగానే ఒక పసుప్పచ్చ పెట్టె వచ్చింది. రెండు గోడలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయట. అలాంటివి అప్పటికే 412 ఉన్నాయి. సారు దగ్గరికొచ్చి చదివారు.

"ఎర్రర్ కాదుగా?"

"కాదు సార్, వార్నింగే."

"పట్టించుకోకపోతే ఆగిపోతుందా?"

"ఆగదు సార్."

సారు ముఖంలో ఆరు నెలల తర్వాత వెలుగు కనిపించింది. మౌసు తీసుకుని ఆ పెట్టెను మూసేశారు. మొదటిరోజు మేమంతా వెతికిన బటన్ అదే.