అత్త లేని దుత్త

అత్త మీద కోపం దుత్త మీద చూపించడం అనాదిగా వస్తున్నదే. నా చిక్కల్లా ఏమిటంటే, కోపం పుష్కలంగా ఉంది, దుత్తే లేదు. గ్లాసు విసిరికొడదామంటే ముక్కలు ఏరాల్సింది నేనే. తలుపు ధడాలున వేద్దామంటే మా పడగ్గది తలుపు ఓసారి బిగుసుకుందంటే మళ్ళీ ఓ పట్టాన రాదు, కోపం తగ్గాక కూడా లోపలే ఉండాలి. కొడితే పగలనిది, తిరిగి మాట అననిది, పైగా కొట్టినందుకు ఒంటికి మంచిదని డాక్టరు కూడా ఒప్పుకునేది ఒకటి కావాలి. అలా వచ్చింది మా ఇంటికి పంచింగ్ బ్యాగ్.

"దుత్త సరే, ఇంతకీ అత్త ఎవరు?" అంది మా ఆవిడ, గోడ మీద వాళ్ళమ్మ ఫోటో వైపు ఓసారి చూసి.

"ఆఫీసులో మేనేజరు," అన్నాను తడుముకోకుండా. కొన్ని ప్రశ్నలకి జవాబు ముందే కూడబలుక్కుని ఉంచుకోవాలి.

బొమ్మలో ఏనుగు కాలంత లావుగా కనిపించిన బ్యాగు, పెట్టెలోంచి తీస్తే చాపచుట్టలా ఉంది. నాలుగడుగుల గొట్టం, పైన నాలుగు గొలుసులు, అడుగున ఒక కాగితం. లోపల మనమే నింపుకోవాలని ఆ కాగితంలో ఒకే ఒక్క ముక్క. దేంతో నింపుకోవాలో మా బావమరిది చెప్పాడు. వాడికి తెలియని విషయం లేదు. తెలిసింది కూడా ఏమీ లేదని తర్వాత్తర్వాత తేలుతూ ఉంటుంది.

"బ్యాగు బరువు మనిషి బరువులో సగం ఉండాలి బావా. నువ్వెంత?"

"82."

"అయితే 41 కిలోలు. ఇసుక పోసేద్దాం, పది నిమిషాల పని."

సగం బరువు లెక్క మాత్రం నిజమే, మామూలుగా అందరూ చెప్పేదే. ఆ ఒక్కటీ నిజమైనందుకే మిగతావన్నీ నమ్మాను. ఇసుకకి బరువెక్కువ, అది తినే చోటు తక్కువ. 41 కిలోలు పోసినా బ్యాగులో పావు వంతు నిండలేదు. పైన మూడొంతులు ఖాళీ, అడుగున బండరాయి. మేజోడులో గుండ్రాయి వేసి వేలాడదీసినట్టుంది. నిండా పోసేద్దామన్నాడు వాడు. లెక్కేస్తే 180 కిలోలు దాటింది. అప్పుడిక మేము ఇంట్లోంచి వెళ్ళిపోవాలి, బ్యాగు ఉండాలి.

ఇసుకంతా గుమ్మరించి గుడ్డలకి దిగాం. గుడ్డల లెక్క ఇంకో రకం. చొక్కా పావుకిలో అనుకున్నా 164 చొక్కాలు కావాలి. నాకున్నవి 19. ఇక్కడే మా ఆవిడ ఉత్సాహంగా రంగంలోకి దిగింది. పదేళ్ళుగా ఆవిడ కంట్లో నలుసుల్లా ఉన్న నా బట్టలన్నీ ఆ పూటతో దుత్తలో పడ్డాయి. గుండీలూ జిప్పులూ ముందే కోసెయ్యాలి, లేకపోతే అవి లోపల్నుంచి తోలునీ, బయట మన వేళ్ళనీ తినేస్తాయి. కత్తెర పట్టుకుని రాత్రి పదకొండు దాకా గుండీలు కోశాను. చొక్కాలు అయ్యాయి, పాత దుప్పట్లు, కర్టెన్లు అయ్యాయి, దర్జీ దగ్గర నుంచి రెండు మూటల పీలికలు తెచ్చాం. అయినా తూగకపోతే రెండేసి కిలోల ఇసుక పొట్లాలు కట్టి, గట్టి టేపు చుట్టి, చుట్టూ గుడ్డలు ఉండేలా నడిమధ్యన కూరాం. కర్రతో దంచి, మళ్ళీ కూరి, మళ్ళీ దంచితే చివరికి 38 కిలోల దగ్గర తేలింది. మిగతా మూడు కిలోలు నేనే తగ్గుతానన్నాను.

నాకిప్పటికీ ఆ బ్యాగులో ఏ బట్ట ఎక్కడుందో తెలుసు. కుడిచేతి హుక్కు, అంటే పక్కనుంచి వంపుగా వేసే గుద్దు, తగిలేచోట నా పెళ్ళినాటి సూటు ప్యాంటు ఉంది. అక్కడ కాస్త మెల్లిగా కొడతాను.

ఇక తగిలించడం. "ఫ్యాను కొక్కెం ఉండగా ఇంకేం కావాలి బావా, అన్నేళ్ళ నుంచి ఫ్యానుని మోస్తోందిగా," అన్నాడు బావమరిది. ఇద్దరం స్టూలు మీద చెరో కాలూ పెట్టి సగం దాకా ఎత్తేశాం కూడా. ఆ సమయానికి బాత్‌రూము పని మీద వచ్చిన మేస్త్రీ గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏంటి సార్ అది?"

"పంచింగ్ బ్యాగ్."

"అంటే?"

"కొట్టే సంచి."

"ఎవరు కొడతారు?"

నేనని చెప్పాను. అతను నన్ను పైనుంచి కిందికోసారి, కిందనుంచి పైకోసారి చూశాడు. మొహమాటస్తుడు, ఏమీ అనలేదు. కొక్కెం వైపు తిరిగి, "ఫ్యాను నాలుగైదు కిలోలు సార్. ఇదేమో మనిషంత బరువుంది. పైగా వేలాడే బరువు వేరు, ఊగే బరువు వేరు. ఫ్యాను వేలాడుతుంది, ఉయ్యాల ఊగుతుంది. మీది ఉయ్యాల," అన్నాడు. ఆ గదిలో ఆ రోజు మాట్లాడిన వాళ్ళందరిలో విషయం తెలిసినవాడు అతనొక్కడే.

హాల్లో పైకి నున్నగా కనిపించేది జిప్సం పలక, దాని మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. వెనక గదిలో సీలింగు మీద తట్టి చూసి, స్లాబని తేల్చుకుని, ఇనప పలక ఒకటి పెట్టి నాలుగు యాంకర్ బోల్టులు దిగ్గొట్టాడు. డ్రిల్లు ఆగేసరికి నేనూ బావమరిదీ ముగ్గు పిండిలో పొర్లిన వాళ్ళలా ఉన్నాం. తర్వాత 38 కిలోల దాన్ని ఎత్తి కొక్కేనికి తగిలించడం అనే ఘట్టం. బ్యాగుకి పట్టుకోవడానికి పిడి ఉండదు. కావిలించుకోవాలి. స్టూలు మీద నేను దాన్ని కావిలించుకున్నాను, కింద బావమరిది నా కాళ్ళని కావిలించుకున్నాడు, ఇద్దర్నీ చూస్తూ మా ఆవిడ గుమ్మాన్ని కావిలించుకుని నవ్వింది. మొదటిసారి గొలుసు అందలేదు. రెండోసారి అందింది గానీ కొక్కెం తప్పింది, బ్యాగు నా మీదుగా జారి బావమరిది ఒళ్ళో కూచుంది. మూడోసారి తగులుకుంది. వాడు ఆ సాయంత్రమే పనుందని ఊరెళ్ళిపోయాడు.

కొట్టే ముందు చేతులకి గుడ్డ చుట్టుకోవాలి. ఒక్కో చేతికి నాలుగున్నర మీటర్లు. బొటనవేలికి ఉచ్చు తగిలించి, మణికట్టుకి మూడు చుట్లు, పిడికిలి మీద మూడు, వేళ్ళ సందుల్లోంచి ఒక్కోటి, మళ్ళీ మణికట్టుకి. ఎడమ చేతికి ఇరవై నిమిషాలు పట్టింది, ముచ్చటగా వచ్చింది. కుడి చేతికి వచ్చేసరికి చుట్టాల్సింది ఎడమ చెయ్యి, అది అప్పటికే బ్యాండేజీ కట్టులో ఉంది. ఎలాగో కానిచ్చి, 16 ఔన్సుల గ్లవ్స్, అంటే ఒక్కోటి అరకిలోకి కాస్త తక్కువ, మొదటిది చేత్తో, రెండోది పళ్ళతో తొడుక్కున్నాను. సరిగ్గా అప్పుడే ముక్కు దురద పెట్టింది.

ముక్కు బ్యాగుకేసి రుద్దుకున్నాను. మా ఇద్దరి పరిచయం అలా మొదలైంది.

రౌండంటే మూడు నిమిషాలు, ఆపైన నిమిషం విశ్రాంతి. 1867లో అచ్చయిన క్వీన్స్‌బెరీ బాక్సింగు నియమాల్లో రాసిన లెక్క ఇది, రాసినవాళ్ళు మూడు నిమిషాలు ఎంత పొడుగుంటాయో తెలిసి రాశారో లేదో నాకు అనుమానమే. ఫోన్లో టైమరు ముక్కుతో నొక్కి మొదలుపెట్టాను. ఎడంకాలు ముందు, గడ్డం కిందికి, జాబ్, జాబ్, క్రాస్, అంటే ముందు చేత్తో రెండు పొడుపులు, వెనక చేత్తో ఒక గుద్దు. మేనేజరుని తలుచుకున్నాను. కిందటేడు రాని ప్రమోషన్ని తలుచుకున్నాను. తలుచుకోవలసినవన్నీ అయిపోయాయి, చేతులు సీసం పోసినట్టయ్యాయి, గడియారం చూస్తే 40 సెకన్లు.

బ్యాగు మాత్రం ఉలకలేదు, పలకలేదు. 1974లో ఆఫ్రికాలోని కిన్షాసాలో బాక్సర్ మహమ్మద్ అలీ ఇలాగే రింగు తాళ్ళకి జారబడి, చేతులు అడ్డం పెట్టుకుని, జార్జ్ ఫోర్‌మన్ చేత తనివితీరా కొట్టించుకున్నాడు. ఫోర్‌మన్ బాగా అలిసిపోయాక ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మా దుత్తకి ఎనిమిది రౌండ్లు అక్కర్లేకపోయింది.

గుద్దడం వేరు, నెట్టడం వేరు. గుద్ది చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటే బ్యాగు ఉన్నచోటే అదిరి 'ఠప్'మంటుంది. అలిసిపోయినవాడు చెయ్యి లాక్కోడు, దానిమీదే ఆనించి తోస్తాడు. నేను తోశాను. అది హుందాగా అటు వెళ్ళింది. వెళ్ళిందిలే అని వెనక్కి తిరిగి, టైమరు ఇంకా నడుస్తోందా అని వంగి చూశాను. 38 కిలోల పాత బట్టలు, అందులో నా పెళ్ళి ప్యాంటు సహా, అంతే హుందాగా తిరిగొచ్చి నడుం కింద తాకాయి.

మంచం మీదుగా అవతల పడ్డాను. లేద్దామంటే చేతులకి వేళ్ళు లేవు, రెండు మెత్తటి గుమ్మడికాయలున్నాయి, దేన్నీ పట్టుకోలేవు. వెల్లకిలా పడ్డ తాబేలులా కొట్టుకుంటుంటే మా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. ముందు ఊగుతున్న బ్యాగుని రెండు చేతులా పట్టి ఆపింది. తర్వాత నన్ను చూసింది.

రెండో వారంలో మణికట్టు మడతపడింది. చూసిన డాక్టరు మొదటి ప్రశ్న, "ఎవర్ని కొట్టారు?" ఎక్స్‌రే దీపానికి పెట్టి, చిటికెనవేలి కింది ఎముక చూపించి, చేతగాని గుద్దుకి సాధారణంగా ఇది విరుగుతుందనీ, దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అంటారనీ, చిత్రమేమిటంటే అది బాక్సర్లకన్నా కోపంతో గోడల్ని గుద్దేవాళ్ళకే ఎక్కువనీ చెప్పాడు. "మీకు అది కూడా లేదు, ఉత్త బెణుకు," అన్నాడు. ఎందుకో చిన్నతనమనిపించింది. పిడికిలీ ముంజేయీ ఒకే గీతలో ఉండాలి, చూపుడువేలు, మధ్యవేలు కణుపులు తగలాలి అని చేసి చూపించాడు కూడా. ఆయన మొహం చూస్తే ఆయనకీ ఎవరో అత్త ఉన్నట్టే అనిపించింది.

చెయ్యి కుదుటపడ్డాక, ఇరుగుపొరుగు గురించి ఆలోచించాను. కింద ఇంటివాళ్ళకి చప్పుడు వినపడకూడదని నేల మీద మందపాటి రబ్బరు చాప పరిచాను. వాళ్ళనడిగితే అసలేమీ వినపడలేదన్నారు. ఎలా వినపడుతుంది? బ్యాగు వేలాడేది సీలింగు నుంచి. నా సీలింగు పైవాళ్ళ నేల.

పైన ఉండేది రిటైరైన లెక్కల మాస్టారు. ఓ సాయంత్రం చిన్న నోటు పుస్తకంతో దిగొచ్చారు. గుండె జారింది.

"క్షమించండి మాస్టారూ, చప్పుడు..."

"అబ్బే, ఫిర్యాదు కాదు బాబూ. టేబులు మీద నా కళ్ళజోడు తనంతట తను నడుస్తుంటే ఏమిటా అని లెక్కపెట్టడం మొదలుపెట్టాను." కళ్ళజోడు సవరించుకుని పుస్తకం తెరిచారు. "మొదటి మంగళవారం తొలి రౌండులో 96. నిన్న 41. అందులో ఆరు నాకు అనుమానం, దెబ్బలో, మీరు దాన్ని పట్టుకుని వేలాడినవో తెలియలేదు. విశ్రాంతి మాత్రం నిమిషం నుంచి నాలుగు నిమిషాలకి పెరిగింది. ఈ లెక్కన వచ్చే నెల పదో తారీఖుకి పూర్తిగా విశ్రాంతే."

సిగ్గుతో ఆ రాత్రే కొక్కేనికీ గొలుసుకీ మధ్య బలమైన స్ప్రింగు ఒకటి బిగించాను. అదురంతా అది మింగేసింది. రెండ్రోజులు ప్రశాంతంగా, ఎవరి లెక్కల్లోకీ రాకుండా, రౌండుకి ముప్ఫై చొప్పున కొట్టుకున్నాను.

మూడో రోజు తలుపు తట్టారు. "మానేశారా బాబూ? ఏమీ వినపడటం లేదు," మొహంలో నిజంగానే దిగులు. స్ప్రింగు చూపించాను. కిందికి లాగి చూసి, బాగా పనిచేస్తోందని మెచ్చుకుని పైకి వెళ్ళిపోయారు. హమ్మయ్య అనుకున్నాను. ఐదు నిమిషాలకి మళ్ళీ వచ్చారు, ఈసారి చేతిలో మడత కుర్చీ, నోటు పుస్తకం, చేతి వాచీ. బ్యాగు ఊగినా తగలనంత దూరం అడుగులతో కొలుచుకుని మరీ కుర్చీ వేసుకున్నారు.

నేను చెయ్యవలసిందంతా చేశాను. జాబ్, జాబ్, క్రాస్, హుక్కు. ఊపిరి అందక బ్యాగుకి తల ఆనించి, గ్లవ్ విప్పుదామని పళ్ళతో పట్టీ అందుకున్నాను.

మాస్టారు వాచీ మీంచి చూపు ఎత్తకుండా అన్నారు, "ఇంకా 50 సెకన్లు ఉంది."